తలకు దెబ్బ తగిలాక మెదడులో పెరిగే నష్టం: ల్యాబ్‌లో దాన్ని అధ్యయనం చేయడం ఎలా? సమగ్ర మార్గదర్శి

బైక్ మీద నుంచి పడ్డ మనిషి లేచి కూర్చుంటాడు, మంచినీళ్లు అడుగుతాడు, క్యాజువాలిటీలో డాక్టరుకు పేరు, ఊరు చెబుతాడు, రాత్రయ్యేసరికి స్పృహ తప్పుతుంది. "బాగానే మాట్లాడాడు కదండీ, ఇంతలో ఏమైంది?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఈ పరిశోధన మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. 1975లో గ్లాస్గో డాక్టర్లు రైలీ, గ్రాహం, ఆడమ్స్, జెన్నెట్ ఇలా మాట్లాడి తర్వాత చనిపోయిన రోగుల గురించే లాన్సెట్‌లో రాశారు. మాట్లాడగలిగాడంటే మొదటి దెబ్బ ఒక్కటే అతని ప్రాణం తీసేంతది కాదు. ఆ తర్వాత లోపల జరిగినవి తీశాయి: రక్తం గడ్డకట్టి ఒత్తిడి పెరగడం, వాపు, ఆక్సిజన్ అందకపోవడం. దెబ్బ తగిలిన క్షణంలో చిట్లిన కణాలను మనం వెనక్కి తేలేం. ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో జరిగే నష్టాన్నే సెకండరీ ఇంజురీ అంటాం, ఆపడానికి అవకాశం ఉన్నది దాన్నే.

2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఇంత జరుగుతున్నా సెకండరీ ఇంజురీని ఆపే మందు ఈరోజుకీ ఒక్కటి కూడా చేతిలో లేదు. ఎలుకల్లో బాగా పనిచేసిన ప్రొజెస్టెరాన్ 2014లో రెండు పెద్ద ట్రయల్స్‌లో, ఒకదాంట్లో 882 మంది, ఇంకోదాంట్లో 1195 మంది మీద, ఏమీ ఉపయోగపడలేదు. స్టెరాయిడ్స్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. దశాబ్దాలుగా వాడుతున్న మందును 2004లో క్రాష్ ట్రయల్ 10,008 మంది మీద పరీక్షిస్తే, రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ ఇచ్చిన గుంపులో 21.1 శాతం, ఇవ్వని గుంపులో 17.9 శాతం. ల్యాబ్‌లో మనం చేసే పని సరిగ్గా లేకపోతే చివరికి ఆ భారం పడేది ఐసీయూలో పడుకున్న మనిషి మీద. అందుకే ఈ గైడ్‌లో కిట్ల కంటే జాగ్రత్తల గురించే ఎక్కువ రాశాను. ఎంఫార్మ్, ఎమ్మెస్సీ అయ్యాక ఈ రంగంలోకి వస్తున్నవాళ్లను, కొత్తగా జేఆర్‌ఎఫ్‌లో చేరినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి అడుగు: ప్రశ్న రాయండి, దాని పక్కనే గంట రాయండి

"న్యూరోఇన్‌ఫ్లమేషన్ మీద ఫలానా మందు ప్రభావం" అని సినాప్సిస్‌లో రాసేసి పని మొదలుపెట్టేవాళ్లు చాలామంది. దాంతో ప్రయోగం డిజైన్ చేయలేం. ఏ అణువు, మెదడులో ఏ చోట, దెబ్బ తగిలిన ఎన్ని గంటలకు అనే మూడూ ఒకే వాక్యంలో ఉండాలి. మూడింటిలో గంటే ముఖ్యం, ఎందుకంటే ఈ నష్టం ఒకే సంఘటన కాదు, ఒకదాని వెనుక ఒకటి వచ్చే వరస.

దెబ్బ తగిలిన నిమిషాల్లోనే కణాల బయట గ్లూటమేట్, అంటే నరాల కణాలు ఒకదానికొకటి సంకేతం పంపడానికి వాడే రసాయనం, పెరుగుతుంది. 1989లో ఫేడెన్ బృందం ఎలుకల మెదడులో మైక్రోడయాలసిస్ (సన్నని ప్రోబ్‌తో కణాల బయటి ద్రవాన్ని సేకరించే పద్ధతి) పెట్టి దీన్ని కొలిచింది, మరుసటి ఏడాది కటయామ బృందం పొటాషియం ఎలా బయటికి పొంగుతుందో చూపించింది. గ్లూటమేట్ కణాల మీద ఉండే ఎన్‌ఎండీఏ రిసెప్టర్లను తెరుస్తుంది, కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, కాల్పెయిన్ అనే ఎంజైమ్ నిద్రలేచి కణం లోపలి చట్రాన్ని కోయడం మొదలుపెడుతుంది, మైటోకాండ్రియా కాల్షియం మింగీ మింగీ ఉబ్బి చేతులెత్తేస్తుంది, అక్కడి నుంచి ఫ్రీ రాడికల్స్, కొవ్వు పొరల ఆక్సీకరణ. కొన్ని గంటల్లో ఐఎల్-1 బీటా, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా లాంటి సైటోకైన్లు (ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే సంకేత ప్రోటీన్లు) పెరుగుతాయి, రక్తంలోనివి మెదడులోకి రాకుండా ఆపే బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ వదులవుతుంది. వాపు చాలా మోడళ్లలో 24 నుంచి 48 గంటల మధ్య ముదురుతుంది. మెదడులోని రక్షణ కణాలైన మైక్రోగ్లియా, రక్తం నుంచి వచ్చే అలాంటి కణాలు మాక్రోఫేజ్‌లు రోజుల మీద పోగవుతాయి, త్వరగా పోవు కూడా. ఒకే ఒక్క దెబ్బ తగిలిన చిట్టెలుకల్లో ఏడాది తర్వాత కూడా మైక్రోగ్లియా చురుగ్గానే ఉందని లోన్ బృందం 2014లో చూపించింది.

గంట తప్పితే ఏమవుతుందో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. మొదటి గంటల్లో ఎన్‌ఎండీఏ రిసెప్టర్లు అతిగా పనిచేసి కణాలను చంపుతాయి కాబట్టి వాటిని ఆపాలని అందరూ అనుకున్నారు. కానీ 2004లో బీగన్ బృందం చిట్టెలుకలకు దెబ్బ తగిలిన 24, 48 గంటలకు ఆ రిసెప్టర్లను తెరిచే ఎన్‌ఎండీఏ అనే రసాయనాన్నే ఇచ్చి చూస్తే అవి బాగా కోలుకున్నాయి, ఎందుకంటే అప్పటికి ఆ రిసెప్టర్ల పని పడిపోయి ఉంది. అదే రిసెప్టర్, ఉదయం శత్రువు, మర్నాటికి అవసరం. మీ సినాప్సిస్‌లో గంట లేకపోతే గైడ్ దగ్గరికి తీసుకెళ్లే ముందు మళ్లీ రాయండి. "దెబ్బ తగిలిన 6, 24 గంటలకు, గాయం చుట్టూ ఉన్న కార్టెక్స్‌లో (మెదడు పై పొరలో), కాల్పెయిన్ వల్ల తెగిన స్పెక్ట్రిన్ (కణం చట్రంలోని ప్రోటీన్) ఎంత ఉంది, ఫలానా మందు 1 గంటకు ఇస్తే అది తగ్గుతుందా?" ఇలా ఉండాలి.

రెండో అడుగు: మోడల్ ఎంచుకోవడం

ఉన్న మెషీన్‌ను బట్టి మోడల్ ఎంచుకోవడం మన దగ్గర మామూలే, నిధుల పరిస్థితి అలాంటిది. అయినా ఏ మోడల్ దేనికి పనికొస్తుందో తెలిసి ఎంచుకోవాలి.

కంట్రోల్డ్ కార్టికల్ ఇంపాక్ట్, అంటే సీసీఐ: పుర్రె ఎముకలో చిన్న కిటికీ తెరిచి, పిస్టన్‌తో నేరుగా డ్యూరా (మెదడును కప్పి ఉండే గట్టి పొర) మీద కొట్టడం. వేగం, లోతు, ఎంతసేపు లోపల ఉండాలి అన్నీ మీ చేతిలో ఉంటాయి, గాయం ఒకచోటే, ప్రతి జంతువులోనూ దాదాపు ఒకేలా వస్తుంది. కంట్యూషన్ (మెదడు కమిలిపోవడం) అధ్యయనానికి, మందుల పరీక్షకు ఇదే నా మొదటి ఎంపిక.

ఫ్లూయిడ్ పెర్కషన్‌లో ద్రవం తరంగంతో కొడతారు. గాయం ఒకచోటా ఉంటుంది, విస్తరించీ ఉంటుంది, అందుకే ఎక్కువ వాడుకలో ఉంది. కానీ ట్యూబ్‌లో చిన్న గాలి బుడగ ఉన్నా ఒత్తిడి మారిపోతుంది, కాబట్టి ప్రతి దెబ్బకూ ఒత్తిడి గ్రాఫ్ సేవ్ చేసి తీరాలి.

వెయిట్ డ్రాప్ ఖర్చు తక్కువ, మన వర్క్‌షాపులోనే చేయించుకోవచ్చు. 1994లో మార్మరూ చెప్పిన పద్ధతిలో ఎలుక పుర్రెకు స్టీల్ బిళ్ల అతికించి, 450 గ్రాముల బరువును 2 మీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. యాక్సాన్లు (నరాల కణాల పొడవైన తీగలు) విస్తృతంగా దెబ్బతినే తరహా గాయానికి ఇది సరిపోతుంది, రోడ్డు ప్రమాదాల్లో తల విసురుగా ఊగినప్పుడు జరిగేదానికి దగ్గర. బరువు ఎగిరి మళ్లీ పడి రెండో దెబ్బ తగలడం, ఊపిరి ఆగిపోవడం దీనితో వచ్చే చిక్కులు. దెబ్బ పడగానే జంతువును పక్కకు లాగే ఏర్పాటు, పక్కనే వెంటిలేటర్ ఉండాలి.

యానిమల్ హౌస్ లేనివాళ్లు సాగే పొర మీద మెదడు కణాలు పెంచి, గాలి ఒత్తిడితో పొరను ఒక్కసారి సాగదీసే స్ట్రెచ్ మోడల్ చూడండి, 1995లో ఎల్లిస్ బృందం మొదలుపెట్టింది. డిష్‌లో కణాలను పిపెట్ కొసతో గీరి "ట్రామా మోడల్" అని రాసే పేపర్లూ ఉన్నాయి. ఒక యంత్రాంగాన్ని విడదీసి చూడటానికి అది పనికొస్తుంది. కానీ అక్కడ రక్తం లేదు, వాపు లేదు, ఒత్తిడి లేదు, కాబట్టి మందు గురించి దానితో తీర్పు చెప్పకండి.

ఇక్కడి నుంచి ఉదాహరణగా చిట్టెలుకల్లో సీసీఐనే తీసుకుంటాను.

మూడో అడుగు: అనుమతి, సంఖ్య

మీ సంస్థకు జంతు ప్రయోగాలను పర్యవేక్షించే ప్రభుత్వ కమిటీ సీసీఎస్‌ఈఏ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. దీన్నే ఇంతకుముందు సీపీసీఎస్‌ఈఏ అనేవాళ్లం. ఫారం బీ నింపి సంస్థలోని జంతు నైతిక కమిటీ ముందు పెట్టాలి. కమిటీ తప్పకుండా అడిగేది "ఇన్ని జంతువులు ఎందుకు?" అనే. సమాధానం కాగితం మీద లెక్కతో ఉండాలి. తేడా ఒక స్టాండర్డ్ డీవియేషన్ అంత ఉంటుందని అంచనా అయితే, 80 శాతం పవర్ (ఉన్న తేడాను పట్టుకోగల అవకాశం) కోసం గ్రూపుకు 17 కావాలి. ఒకటిన్నర అంత ఉంటుందనుకుంటే దాదాపు 9 సరిపోతాయి. "గ్రూపుకు 6" అని అలవాటుగా రాసే అంకె వెనుక చాలాసార్లు లెక్కే ఉండదు.

ఒక సంగతి ముందే గమనించండి. వాపు కొలవాలంటే మెదడును ఓవెన్‌లో ఎండబెట్టాలి, బ్యారియర్ లీకేజీ చూసే ఎవాన్స్ బ్లూ పరీక్షకు రంగు ఎక్కించి ఫార్మమైడ్‌లో నానబెట్టాలి, ప్రోటీన్లు కొలిచే బ్లాట్‌కు తాజాగా ఫ్రీజ్ చేయాలి, స్టెయినింగ్‌కు పారాఫార్మాల్డిహైడ్‌తో పెర్ఫ్యూజ్ చేయాలి (గుండె ద్వారా రక్తనాళాల్లోకి ఎక్కించాలి). ఒకే మెదడు అన్నిటికీ రాదు. నాలుగు గ్రూపులు, నాలుగు టైమ్ పాయింట్లు, గ్రూపుకు 10 అనుకుంటే ఒక్క పరీక్షకే 160 జంతువులు. ఈ లెక్క చూశాకే ప్రశ్నను కుదించడం అందరికీ అర్థమవుతుంది. నాలుగు టైమ్ పాయింట్లు అడ్డదిడ్డంగా చేసేకంటే రెండు గట్టిగా చేయడం మేలు. జంతువు ప్రాణానికీ అదే న్యాయం.

ఏ స్ట్రెయిన్ తెస్తున్నారో కూడా ఇక్కడే రాసుకోండి. సీ57 బ్లాక్ 6 చిట్టెలుకల్లో జే, ఎన్ అని రెండు ఉపజాతులున్నాయి, జే రకంలో ఎన్‌ఎన్‌టీ అనే మైటోకాండ్రియా జన్యువు పనిచేయదు. మైటోకాండ్రియా మీద పనిచేస్తూ, సరఫరా లేనప్పుడు ఒక బ్యాచ్ జే, ఇంకో బ్యాచ్ ఎన్ తెప్పించుకుంటే మొత్తం పని బూడిదలో పోసిన పన్నీరే. ఆడ, మగ రెండూ పెట్టండి.

నాలుగో అడుగు: మత్తు, ఉష్ణోగ్రత, నొప్పి మందు

చాలామంది దీన్ని సర్జరీకి ముందు పనిగా చూస్తారు, నేను మాత్రం ప్రయోగం ఇక్కడే మొదలైందనే అంటాను. కెటమిన్ ఎన్‌ఎండీఏ రిసెప్టర్లను ఆపుతుంది. గ్లూటమేట్ నష్టాన్ని అధ్యయనం చేస్తూ కెటమిన్‌తో మత్తు ఇస్తే మందు ముందే ఇచ్చేసినట్టు. ఐసోఫ్లూరేన్ మెరుగే, 3–4 శాతంతో మొదలుపెట్టి 1.5–2 శాతం దగ్గర ఉంచుతారు, అయితే దానికీ మెదడును కాపాడే గుణం కొంత ఉంది. కాబట్టి ప్రతి జంతువుకూ ఎన్ని నిమిషాలు ఇచ్చారో రాయాలి, షామ్ గ్రూపుకూ, అంటే సర్జరీ చేసి దెబ్బ మాత్రం కొట్టని గ్రూపుకూ, అన్నే నిమిషాలు ఇవ్వాలి. సర్జరీ చేయి తిరిగేకొద్దీ వేగం పెరుగుతుంది, అందుకే గ్రూపులను రోజుల వారీగా విడగొట్టకుండా ప్రతి రోజూ అన్ని గ్రూపులూ ఉండేలా ర్యాండమైజ్ చేయండి.

ఉష్ణోగ్రత గురించి గట్టిగా చెప్పాలి. చల్లబడ్డ మెదడు తక్కువ దెబ్బతింటుంది. ఏసీ 20 డిగ్రీల్లో పెట్టిన ఆపరేషన్ గదిలో మత్తులో ఉన్న చిట్టెలుక నిమిషాల్లో చల్లబడిపోతుంది. రెక్టల్ ప్రోబ్, హీటింగ్ ప్యాడ్ పెట్టి 37 డిగ్రీలకు అర డిగ్రీ అటూఇటూగా ఉంచండి, మెలకువ వచ్చేదాకా వెచ్చని బోనులోనే ఉంచండి. మందు ఇచ్చాక కూడా గంటల తరబడి ఉష్ణోగ్రత చూడాలి. 1990లో బుకన్, పుల్సినెల్లి రక్తం అందని గెర్బిల్ (ఎలుక లాంటి చిన్న జంతువు) మెదడు మీద చూపించింది ఇదే: ఎన్‌ఎండీఏ రిసెప్టర్లను ఆపే ఎంకే-801 అనే మందు కాపాడుతోందని అనుకున్నది నిజానికి ఆ మందు వల్ల ఒళ్లు చల్లబడటం. ఉష్ణోగ్రత రికార్డు లేని న్యూరోప్రొటెక్షన్ (మెదడును కాపాడే మందుల) పేపర్ నమ్మడం నాకు కష్టం.

నొప్పి మందు ఇవ్వకుండా ఉండకూడదు. కానీ మెలాక్సికామ్ లాంటివి వాపును, ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తాయి, మీరు కొలిచేదీ అదే అయితే చిక్కు. బుప్రినార్ఫిన్ వాడాలంటే దానికి చట్టపరమైన నియంత్రణ ఉంది, కాగితాల పనికి సమయం పడుతుంది, ప్రాజెక్టు మంజూరు కాగానే మొదలుపెట్టండి. ఏది వాడినా అన్ని గ్రూపులకూ ఒకేలా.

ఐదో అడుగు: దెబ్బ

తలను స్టీరియోటాక్సిక్ ఫ్రేమ్‌లో బిగించాక చెవి బార్లు సమంగా ఉన్నాయా, తల ఒక పక్కకు ఒరిగిందా చూడండి. చర్మం కోసి పొర తుడిచాక పుర్రె ఎముకల అతుకులు కలిసే గుర్తులు బ్రెగ్మా, లాంబ్డా రెండూ కనబడాలి, రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. రెండిటికీ మధ్య, నడిమి గీతకు పక్కగా, 4 నుంచి 5 మి.మీ. గుండ్రని కిటికీ తెరవాలి. డెంటల్ డ్రిల్ వేడికే కింద కార్టెక్స్ దెబ్బతింటుంది, కాబట్టి కొన్ని సెకన్లు తిప్పడం, ఆపడం, చల్లని సెలైన్ చుక్క వేయడం, మళ్లీ తిప్పడం. ఎముక పలచబడ్డాక కింద రక్తనాళాలు గులాబీ గీతల్లా కనిపిస్తాయి, అప్పుడు డ్రిల్ ఆపేసి సన్నని ఫోర్సెప్స్‌తో ఆ బిళ్లను ఒక అంచు నుంచి మెల్లగా ఎత్తండి. డ్యూరా చిరగకూడదు. చిరిగితే ఆ జంతువును లెక్కలోంచి తీసేయాలి, ఆ నియమం ప్రయోగం మొదలవకముందే నోట్‌బుక్‌లో రాసి ఉండాలి.

తర్వాత 3 మి.మీ. కొస ఉన్న పిస్టన్‌ను డ్యూరాకు తాకేదాకా దించి, అక్కడ సున్నా పెట్టాలి. రోజు మొత్తంలో ఎక్కువ తేడా తెచ్చే క్షణం ఇదే. కొస తాకిందని కంటితో అనుకోవడం వేరు, నిజంగా తాకడం వేరు. డ్యూరా మీద సెలైన్ నిలిచి ఉంటే నీటిని తాకినా తాకినట్టే కనిపిస్తుంది. కాటన్ కొసతో తేమ అద్ది, మైక్రోస్కోపులో పక్క నుంచి చూస్తూ దించండి. 1 మి.మీ. లోతు అనుకున్న దెబ్బలో సున్నా 0.2 మి.మీ. తప్పితే ఐదో వంతు తప్పినట్టే. వేగం సాధారణంగా సెకనుకు 4 నుంచి 6 మీటర్లు, లోతు మధ్యస్థ గాయానికి 1 మి.మీ., తీవ్రమైనదానికి 2 మి.మీ. దాకా, లోపల నిలిచే సమయం చాలా ల్యాబుల్లో 100–200 మిల్లీసెకన్లు. ఇవన్నీ పేపర్లో రాయాలి, లేకపోతే ఇంకెవరూ మీ పని మళ్లీ చేయలేరు.

దెబ్బ పడ్డాక రక్తస్రావం ఎంత, ఊపిరి ఎన్ని సెకన్లు ఆగింది, మత్తు ఆపి వెల్లకిలా పడుకోబెట్టాక తనంతట తాను ఎప్పుడు తిరిగింది, ఇవి రాసుకోండి. ఎముక బిళ్ల తిరిగి పెట్టడమా, వదిలేయడమా? రెండూ చేసేవాళ్లున్నారు. పెట్టకపోతే వాపుకు బయటికి దారి దొరికి లోపలి ఒత్తిడి తగ్గుతుంది, కాబట్టి ఏదో ఒకటి నిర్ణయించుకుని మార్చకండి.

ఇక షామ్. కిటికీ తెరిచి కొట్టకుండా కుట్టేస్తే అది షామ్ అని అందరం రాస్తాం. 2011లో కోల్ బృందం చూపించినదాని ప్రకారం కిటికీ తెరవడమే మెదడుకు గాయం, ఇన్‌ఫ్లమేషన్ కూడా కొలవగలిగేంత వస్తుంది. అందుకే అసలు సర్జరీయే చేయని నైవ్ గ్రూపు చిన్నదైనా ఒకటి పెట్టండి, ముఖ్యంగా సైటోకైన్లు కొలిచేవాళ్లు.

ఆరో అడుగు: కొలతలు

వాపు కొలతకు పరికరం అంటే త్రాసు, ఓవెన్ చాలు, అందుకే నిర్లక్ష్యం కూడా ఎక్కువ. మెదడు తీసి, దెబ్బ తగిలిన సగం, తగలని సగం వేరుచేసి, ముందే తూచిన ఫాయిల్ మీద పెట్టి వెంటనే తూచాలి. బయట గాలికి ఆరుతూనే ఉంటుంది, అందుకే ఒక్కో మెదడుకు పట్టే సమయం ఒకేలా ఉండాలి, ఫ్యాన్ కట్టేయాలి. తర్వాత 100 డిగ్రీల దగ్గర 24 గంటలు, బరువు ఇక మారనంతవరకు ఎండబెట్టి మళ్లీ తూచాలి. తడి బరువులోంచి పొడి బరువు తీసేసి, తడి బరువుతో భాగించి, 100తో గుణిస్తే నీటి శాతం. మామూలు మెదడులో అది 78 దగ్గర ఉంటుంది. దెబ్బ తగిలినవైపు 80 వస్తే "రెండే కదా" అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి: 100 మిల్లీగ్రాముల కణజాలంలో పొడి పదార్థం 22, అదే 22 మిల్లీగ్రాములు ఇప్పుడు 20 శాతం అయిందంటే మొత్తం బరువు 110. రెండు పాయింట్లంటే పదోవంతు వాపు. పుర్రెలో అంత ఖాళీ ఎక్కడుంది? అందుకే ఈ కొలతలో అర శాతం తప్పు కూడా చిన్నది కాదు.

బ్యారియర్ కోసం ఎవాన్స్ బ్లూ: 2 శాతం ద్రావణం, కిలోకు 4 మి.లీ., తోక సిర ద్వారా. అది రక్తంలోని ఆల్బుమిన్‌కు అంటుకుంటుంది, బ్యారియర్ బాగుంటే మెదడులోకి రాదు. గంటా రెండు గంటలు తిరగనిచ్చి, కుడి ఏట్రియం నుంచి వచ్చే ద్రవం తేటగా అయ్యేదాకా సెలైన్‌తో పెర్ఫ్యూజ్ చేయాలి. ఈ పెర్ఫ్యూజన్ అరకొరగా జరిగితే నాళాల్లో మిగిలిన రంగునే లీకేజీ అనుకుంటాం. తగలనివైపు కూడా నీలంగా కనిపిస్తే ఆ శాంపిల్‌ను అనుమానించండి. ఫార్మమైడ్‌లో తీసి 620 నానోమీటర్ల దగ్గర చదవాలి. చిన్న అణువుల లీకేజీ కావాలంటే సోడియం ఫ్లోరెసిన్ వాడతారు, రెండూ ఒకే జవాబు చెప్పనక్కర్లేదు.

కాల్పెయిన్ పని చూడటానికి ఆల్ఫా-2 స్పెక్ట్రిన్ బ్లాట్ మంచిది. 145 కిలోడాల్టన్ ముక్క కాల్పెయిన్ గుర్తు, 120 ముక్క కాస్పేజ్-3 (కణం తనను తాను చంపుకునేటప్పుడు పనిచేసే ఎంజైమ్) గుర్తు, 150 దగ్గర రెండూ కలుస్తాయి, కాబట్టి 150 ఒక్కటే చూపించి "కాల్పెయిన్ పెరిగింది" అని రాయకండి. మైటోకాండ్రియా శ్వాసక్రియ కొలవాలంటే తాజా కణజాలమే కావాలి, ఫ్రీజ్ చేసింది దీనికి పనికిరాదు, అందుకే ఆ రోజు మెషీన్ స్లాట్ దొరికాకే సర్జరీ తేదీ పెట్టుకోవాలి. జీఎఫ్‌ఏపీ (ఆస్ట్రోసైట్లకు), ఐబా-1 (మైక్రోగ్లియాకు), న్యూన్ (న్యూరాన్లకు) స్టెయినింగ్‌లు అందరికీ తెలిసినవే, కాకపోతే కణజాలం ఎక్కడిది అన్నది ముఖ్యం. చచ్చిపోయిన నడిమి భాగం, దాని చుట్టూ అంచు, దూరంగా హిప్పోకాంపస్, ఈ మూడింటిలో కథ వేరు. మొత్తం సగం మెదడును గ్రైండ్ చేసి ఎలైజా (ప్రోటీన్ మోతాదు కొలిచే పరీక్ష) చేస్తే మూడూ కలిసిపోతాయి. మందు కాపాడగలిగేది అంచునే, కోయాల్సింది అదే.

ఏడో అడుగు: ప్రవర్తన

మెదడులో ప్రోటీన్ తగ్గిందని రోగికి ఏం లాభం, నడవగలగాలి, గుర్తుండాలి. రోటారాడ్ (తిరిగే కడ్డీ మీద నిలబడటం), బీమ్ వాక్‌లకు (సన్నని బద్ద మీద నడవడానికి) దెబ్బకు ముందే శిక్షణ ఇచ్చి బేస్‌లైన్ తీసుకోండి, తర్వాత మొదటి వారంలో పరీక్షించండి. నీటిలో దాచిన ప్లాట్‌ఫామ్‌ను ఈది వెతికే జ్ఞాపకశక్తి పరీక్ష మారిస్ వాటర్ మేజ్ సాధారణంగా రెండో వారం తర్వాత మొదలుపెడతారు. ప్లాట్‌ఫామ్ దొరకలేదంటే మరచిపోయిందనే కాదు, ఈదలేకపోవచ్చు, కళ్లు కనబడకపోవచ్చు, అందుకే ఈత వేగం చూపించాలి, కనబడే ప్లాట్‌ఫామ్‌తో పరీక్ష కూడా పెట్టాలి. పరీక్షించేవాళ్లకు ఏ బోను ఏ గ్రూపో తెలియకూడదు. తల మీద కుట్లు చూసి షామ్, నైవ్ తేడా తెలిసిపోతుంది నిజమే, కానీ మందు ఇచ్చినదీ, వెహికల్ (మందు లేని ద్రావణం) ఇచ్చినదీ తెలియకుండా ఉంచడం మన చేతిలోనే ఉంది.

ఎనిమిదో అడుగు: మందు పరీక్షించేటప్పుడు

దెబ్బకు ముందే ఇచ్చిన మందు యంత్రాంగాన్ని చూపిస్తుంది, చికిత్సను కాదు. రోడ్డు మీద పడ్డ మనిషికి 108 వచ్చి, ఆస్పత్రికి చేరి, సీటీ అయ్యేసరికి ఎంతసేపు పడుతుందో మనందరికీ తెలుసు. కాబట్టి 1 గంట, 4 గంటలు, వీలైతే 8 గంటలకు మొదటి డోసు ఇచ్చి, ఏ గంట దాటాక మందు పనిచేయడం ఆగుతుందో చూడండి. ఆ సమాచారం ఉన్న పేపర్లు తక్కువ, విలువ మాత్రం చాలా ఎక్కువ. మందు మెదడులోకి చేరిందో లేదో కొలవండి, బ్యారియర్ తెరుచుకుని ఉన్నప్పుడు ఒక మోతాదు, మూసుకున్నాక వేరే మోతాదు చేరుతుంది.

ఒకే మోడల్‌లో వచ్చిన ఫలితం మీద నమ్మకం పెట్టుకోకండి. పిట్స్‌బర్గ్‌కు చెందిన పాట్రిక్ కొఖనెక్ నడిపిన ఆపరేషన్ బ్రెయిన్ ట్రామా థెరపీలో మూడు వేర్వేరు ల్యాబులు మూడు వేర్వేరు ఎలుక మోడళ్లలో ఒకే మందును ఒకే పద్ధతిలో పరీక్షించాయి. 2016లో వచ్చిన మొదటి ఫలితాల్లో నికోటినమైడ్, ఎరిత్రోపొయిటిన్, సైక్లోస్పోరిన్, సిమ్వాస్టాటిన్, లెవిటిరాసిటామ్ ఉన్నాయి. వీటిలో చాలావాటికి అంతకుముందు మంచి ఫలితాలతో పేపర్లున్నాయి. మూడు మోడళ్లూ కలిపి చూస్తే ఆశ మిగిల్చింది లెవిటిరాసిటామ్, ఫిట్స్‌కు మన ఊళ్లో మెడికల్ షాపులో దొరికే మందే. మీ ల్యాబ్‌లో రెండో మోడల్ లేకపోతే ఉన్న ల్యాబ్‌తో చేతులు కలపండి, శాంపిళ్ల కోడ్ మీ దగ్గర ఉంచుకుని వాళ్లకు జంతువుల పని అప్పగించండి.

తొమ్మిదో అడుగు: లెక్కలు

ఒక మెదడులో 10 సెక్షన్లు లెక్కపెడితే ఎన్, అంటే నమూనాల సంఖ్య, 10 కాదు, 1. ఇది తప్పుగా రాసిన థీసిస్‌లు చాలా కనబడతాయి, రివ్యూలో ముందు పట్టుబడేదీ ఇదే. చనిపోయిన జంతువులను కూడా పేపర్లో చూపించాలి, ఎందుకంటే మందు ఇవ్వని గ్రూపులో బాగా దెబ్బతిన్నవి చనిపోయి, బతికినవే మిగిలితే ఆ గ్రూపే బాగున్నట్టు కనిపిస్తుంది. జంతు ప్రయోగాలను పేపర్లో ఎలా రాయాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాలు 2010లో వచ్చాయి, 2020లో కొత్త రూపం వచ్చింది, అందులో ముఖ్యమైన పది అంశాల పట్టికను పేపర్ రాసేటప్పుడు కాకుండా ప్రయోగానికి ముందే గోడకు అంటించుకోండి. ఫలితం రాకపోయినా ప్రచురించండి. మీరు దాచిపెట్టిన నెగటివ్ ఫలితాన్ని ఇంకో ల్యాబ్ మళ్లీ అన్ని జంతువులతో కనుక్కోవాల్సి వస్తుంది.

పదో అడుగు: ఐసీయూ వైపు చూస్తూ పనిచేయడం

1993లో చెస్నట్ బృందం తీవ్ర గాయమైన 717 మంది రికార్డులు చూసి, పైబీపీ 90 కంటే కిందికి పడినవాళ్లలో మరణాలు రెట్టింపు కంటే ఎక్కువని చెప్పింది. మన ప్రయోగాల్లో ఆరోగ్యంగా, లేతగా ఉన్న 8–12 వారాల చిట్టెలుకకు పూర్తి ఆక్సిజన్, మంచి బీపీ ఉండగా దెబ్బ కొడతాం. అసలు రోగికి కాలు విరిగి రక్తం పోయి ఉంటుంది, ఊపిరి సరిగ్గా ఆడదు, కొందరికి షుగర్ ఉంటుంది, కొందరికి అరవై దాటి ఉంటాయి. మొదటి ప్రయోగం శుభ్రంగా పూర్తయ్యాక రెండో దశలో దెబ్బతో పాటు కాసేపు ఆక్సిజన్ తగ్గించడమో, రక్తం కొంత తీయడమో కలిపిన మోడల్‌కు వెళ్లండి, కమిటీ అనుమతి మళ్లీ తీసుకుని. వయసు మీరిన జంతువులు ఖరీదే, అయినా కొన్నైనా పెట్టాలి.

మనుషులతో నేరుగా పోల్చే దారి రక్తం. జీఎఫ్‌ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే రెండు ప్రోటీన్ల రక్తపరీక్షను అమెరికాలో ఎఫ్‌డీఏ 2018లో అనుమతించింది, తలకు స్వల్ప గాయమైనవాళ్లకు సీటీ అవసరమా అని తేల్చడానికి. మీ చిట్టెలుకలను సాక్రిఫైస్ చేసే రోజు ఎలాగూ రక్తం వస్తుంది, దాన్ని పారబోయకండి. ఈడీటీఏ ట్యూబ్‌లో తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మాను 50 మైక్రోలీటర్ల చొప్పున విడివిడిగా మైనస్ 80లో పెట్టండి, ఎందుకంటే కరిగించి గడ్డకట్టించిన ప్రతిసారీ కొంత పోతుంది. లేబుల్ మీద జంతువు నంబరుతో పాటు దెబ్బ తగిలిన సమయం, రక్తం తీసిన సమయం రెండూ నిమిషాలతో సహా రాయండి. కరెంటు పోతే ఫ్రీజర్ బ్యాకప్ ఎంతసేపు నిలుస్తుందో వేసవికి ముందే కనుక్కోండి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో మనుషుల మెదడు కణజాలాన్ని భద్రపరిచే బ్యాంకు ఉంది. ఎలుకలో చూసిన మార్పు మనిషిలో ఉందో లేదో చూడాలంటే నైతిక అనుమతితో వాళ్లకు దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తులో మీరు అడగాల్సిన మొదటి వివరం, గాయమైనప్పటి నుంచి మరణం దాకా ఎన్ని గంటలు, మరణం నుంచి కణజాలం భద్రపరిచేదాకా ఎన్ని గంటలు.